కోటి లీరాల మొక్కు

జూనియె
9 నవంబర్ 2022, బుధవారం
డాలర్ 39,800

నైలా అక్కా,

ఉత్తరం పైన ఊరు, తేదీ, వాతావరణం రాయాలని బడిలో సిస్టర్లు మనకి నేర్పారు. ఊరు, తేదీ ఇప్పటికీ రాస్తున్నాను. వాతావరణం రాసే చోట డాలర్ ధర రాస్తున్నాను. ఆ అంకె ఏమిటని పోయిన ఉత్తరంలో అడిగావు. ఒక డాలర్ కొనాలంటే వీధిలో ఇవాళ ఎన్ని లీరాలు ఇవ్వాలో అది చెబుతుంది. ఎనిమిదేళ్ళ కిందట నువ్వు మఠంలోకి వెళ్ళిన రోజున అది పదిహేను వందల ఏడు. మన చిన్నప్పుడూ అంతే. మన ఇంటి గుమ్మం ఎత్తులాంటిది. ఉందని తెలుసు, ఎవరూ కొలవలేదు.

ఇప్పుడు లేవగానే, ముఖం కడుక్కోకముందే, అందరూ ఫోన్‌లో దాన్నే చూస్తారు. నాన్న పైకి చదువుతాడు కూడా. ముప్ఫై ఏళ్ళు భూగోళం పాఠం చెప్పాడు కదా, దూరపు ఊళ్ళ ఉష్ణోగ్రతలు చదివినట్టే చదువుతాడు.

నాన్నకి ఆయాసం పెరిగింది. ఇంటికి మూడంతస్తులు ఎక్కేలోపు రెండుసార్లు మెట్ల మీద కూర్చుంటున్నాడు. లిఫ్ట్ ఉంది, కరెంటు లేదు. గుండెలో కవాటం మార్చాలని, వేసవి వరకూ ఆగకూడదని డాక్టర్ చెప్పాడు. ఆస్పత్రివాళ్ళు ఆరున్నర వేల డాలర్లు ముందే చేతిలో పెట్టాలన్నారు. చెక్కు తీసుకోరు.

అసలు సంగతి అమ్మది. 2019 సెప్టెంబర్‌లో నాన్నకి గుండెపోటు వచ్చినప్పుడు అమ్మ మీ మఠం సాధువు మార్ దూమిత్‌కి కోటి లీరాలు మొక్కుకుంది. అది నీకు తెలుసు. తీర్చలేదన్న సంగతి తెలియదు. నాన్న ఇంటికి రాగానే తీర్చేదే. కానీ మొక్కు కొత్త నోట్లతో తీర్చాలని ఆమె పట్టుదల. మడత పడని లక్ష నోట్లు వంద కావాలని బ్యాంకులో చెప్పింది. రెండు వారాలాగి రమ్మన్నారు. ఆ రెండు వారాల్లోనే జనం రోడ్ల మీదికి వచ్చారు, బ్యాంకు తలుపులు మూసుకుంది. మళ్ళీ తెరిచేసరికి అందులో ఉన్న మన డబ్బు మన చేతికి వచ్చేది కాదు.

అప్పట్లో కోటి లీరాలంటే ఆరువేల ఆరువందల డాలర్లు. ఇవాళ రెండు వందల యాభై. మొక్కు తీర్చలేదు కాబట్టే నాన్న మళ్ళీ పడ్డాడని అమ్మ నమ్మకం. అది తీరందే ఆపరేషన్‌కి పంపనంటోంది. ఇంట్లో మిగిలినవి ఆమె ఏడు బంగారు మెలిక గాజులు. అవి ఆస్పత్రికైనా సరిపోతాయి, పాత లెక్కన మొక్కుకైనా సరిపోతాయి. రెండింటికీ చాలవు.

నువ్వు ఆ గడప లోపల ఉన్నావు. సాధువుకి ఏ రేటున ఇవ్వాలో చెప్పు.

యుమ్నా

*

మార్ దూమిత్ మఠం
17 నవంబర్ 2022, గురువారం
చలి, ఉదయం మంచు

చెల్లీ యుమ్నా,

నేను వాతావరణమే రాస్తున్నాను. నీ అంకెలు చదివితే తల తిరుగుతోంది.

నాన్న కోసం రోజూ తెల్లవారు ప్రార్థనలో పేరు చెబుతున్నాం. అమ్మ ప్రశ్నకి జవాబు తేలికే. కోటి అని మొక్కుకుంటే కోటి. సాధువు చెవిన పడింది కోటి లీరాలు అన్న మాట, అందులో డాలర్ ఊసే లేదు. అమ్మని స్థిమితంగా ఉండమను.

ఇక్కడ నా పని పెరిగింది. దివ్యపూజలో ఇచ్చే పలుచటి అప్పాలు కాల్చే గది ఇప్పుడు పూర్తిగా నా చేతిలో ఉంది, వాకిలి దగ్గరి పని ఎప్పటిలాగే నాదే. ఆర్డర్లు మూడింతలయ్యాయి. ఎక్కడెక్కడి గుళ్ళ నుంచో అడుగుతున్నారు. అప్పాలు గుండ్రంగా కత్తిరించాక మిగిలిన ముక్కలకి మరీ గిరాకీ. ఒకప్పుడు వాటిని కోళ్ళకి వేసేవాళ్ళం. ఇప్పుడు మన ఉత్తరాలు మోసే అబూ తానియోస్ అప్పాలతో పాటు ప్రతి గురువారం పికప్‌లో నలభై సంచులు తీసుకెళ్తున్నాడు. జనంలో భక్తి పెరిగిందని మదర్‌కి సంతోషం. ధరలు మాత్రం పెంచలేదు. అయిదు వందల అప్పాల పొట్లం అయిదు వేలు, ముక్కల సంచి వెయ్యి. ధరల పట్టీ నా చేతిరాతే, వాకిట్లో గోడకి అతికించి ఉంది.

పిండి మిల్లు యజమాని ఇస్తాడు, కూరలు తోటవి, కరెంటు కప్పు మీది సౌర పలకలది. వచ్చిన డబ్బు పెట్టెలో వేస్తున్నాం. దాన్ని తీసే అవసరం రాలేదు.

నీ అక్క,
సిస్టర్ ఆనియెస్

*

జూనియె
14 డిసెంబర్ 2022, బుధవారం
డాలర్ 43,500

నైలా అక్కా,

నీ ఉత్తరం అమ్మకి చదివి వినిపించాను. వంటింట్లో ముల్లంగి తరుగుతోంది. కత్తి ఆపింది.

"కోటికి కోటా? బ్యాంకువాడు చెప్పిన మాటే నా కూతురూ చెబుతోందా?"

"అక్క చెప్పింది మాట గురించి అమ్మా."

"వాడూ మాట గురించే చెప్పాడు. నా డాలర్ ఒక్కదానికి ఎనిమిది వేల లీరాలు లెక్కగట్టి, ఇదే నీ డబ్బు, సంతకం పెట్టు అన్నాడు. బయట నలభై వేలు నడుస్తుంటే. వాణ్ణి దొంగ అన్నానా లేదా? ఇప్పుడు రెండు వందల డాలర్లు పట్టుకుని, ఇదే నీ కోటి, తీసుకో అని సాధువు ముందు నేను నిలబడాలా?"

నాన్న గదిలోంచి అన్నాడు: "ఉమ్ నైలా, నీ సాధువు ధర నా ధర కంటే ఎక్కువ పలుకుతోందే!"

"నోరు ముయ్యి అబూ నైలా. ఆయన వింటాడు."

"వింటే మంచిదేగా. బ్యాంకులో ఒక్కడూ వినడం లేదు."

నువ్వు వెళ్ళి ఎనిమిదేళ్ళయినా వాళ్ళు ఒకరినొకరు నైలా తల్లి, నైలా తండ్రి అని నీ పేరుతోనే పిలుచుకుంటారు. తర్వాత అమ్మ ముల్లంగి తరగడం పూర్తి చేసింది. నేను పళ్ళాలు పెట్టాను.

ఒకే డాలర్‌కి ఒకే రోజున ఇక్కడ అయిదు ధరలు. ప్రభుత్వానిది ఒకటి, బ్యాంకుది ఒకటి, ఫోన్ బిల్లుది ఒకటి, వీధిలో నోట్ల కట్టలు పట్టుకుని నిలబడేవాళ్ళది ఒకటి, కొట్టువాడిది ఒకటి. కొట్టువాడు రేపటి భయం కూడా కలుపుకుని చెబుతాడు. లీరా పడిపోయింది అంటారు. ఎక్కడి నుంచి పడిందో నాకు అర్థం కాదు. నా దగ్గరున్న నోటు నిన్నటిదే. దాని మీద బొమ్మ మారలేదు, అంకె మారలేదు. నిన్న అది రొట్టెల కట్ట అయింది, ఇవాళ కాలేదు. రొట్టెల కట్ట పద్ధెనిమిది వేలు.

అంకె మారిన ప్రతిసారీ ఎవరో ఒకరు బాగుపడి ఉండాలి కదా. ఆ మనిషి మా వీధిలో లేడు. మా బడి లైబ్రరీకి కూడా రాలేదు. బడిలో నా జీతం సగం లీరాల్లో ఇస్తారు. నెల మొదటి రోజున దానికి ఏడు పుస్తకాలు వస్తాయి, నెలాఖరున నాలుగు. నేను ఒక్కటీ కొనలేదు. ఊరికే లెక్క వేస్తాను.

మొదట్లో అంకె పెరిగినప్పుడల్లా చేస్తున్న పని ఆపేదాన్ని. ఇప్పుడు ఆపడం లేదు.

మీ అప్పాల పని పెరిగిందని చదివి సంతోషించాను.

యుమ్నా

*

మార్ దూమిత్ మఠం
22 డిసెంబర్ 2022, గురువారం
మంచు పడింది, మోకాలి లోతు

చెల్లీ,

పండుగ శుభాకాంక్షలు. ఈ వారం పద్ధెనిమిది వేల అప్పాలు కాల్చాం. నా వేళ్ళు చూస్తే నవ్వుతావు.

నేను తొందరపడి జవాబిచ్చానేమో. మదర్‌ని అడిగాను. ఆమెకి ఎనభై నాలుగేళ్ళు. "మొక్కు ఎంతో మొక్కుకున్నవాళ్ళ మనస్సు చెబుతుంది, మనం చెప్పకూడదు" అంది. అమ్మ మనస్సు ఏం చెబుతుందో మనిద్దరికీ తెలుసు. ఆ గాజులు నాన్న పెళ్ళినాడు తొడిగినవి. వాటిని ఈ వాకిట్లో పెట్టించుకోవడం నాకు ఇష్టం లేదు. ఇష్టాయిష్టాలు చెప్పకూడదు నేను, అయినా రాస్తున్నాను.

రొట్టెల కట్ట పద్ధెనిమిది వేలు అని రాశావు. ఒక సున్నా ఎక్కువ పడింది. పుస్తకాల మధ్య పనిచేసేదానివి, చూసి రాయి.

సిస్టర్ ఆనియెస్

*

జూనియె
1 ఫిబ్రవరి 2023, బుధవారం
డాలర్ 61,000

నైలా అక్కా,

సున్నా ఎక్కువ పడలేదు.

మీ అప్పాల సంగతి చదివి సంతోషించానని రాశాను. అది అబద్ధం. చదవగానే నాకు అర్థమైంది, రాయలేకపోయాను. ఇవాళ్టి నుంచి ప్రభుత్వం కూడా డాలర్ పదిహేను వందల ఏడు కాదు, పదిహేను వేలు అంది. పాత అంకె కాగితం మీద కూడా లేదిప్పుడు. అందుకని రాస్తున్నాను.

పోయిన గురువారం అబూ తానియోస్ నీకు పంపే ఉత్తరం ఉందేమోనని బడి గేటు దగ్గరికి వచ్చినప్పుడు పికప్‌లో సంచులు చూశాను. అడిగాను.

"ఇవి ఎంతకి తెచ్చావు తాతా?"

"వెయ్యికి."

"ఎంతకి ఇస్తావు?"

"వెయ్యికే. ఏం, నేను బ్యాంకునా?" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "మా ఊళ్ళో పిల్లలకి బిస్కెట్లు ఎక్కడివమ్మా. నా మనవళ్ళు కూడా ఇవే తింటారు, ద్రాక్షపాకంలో ముంచుకుని. ఇంకా మంత్రించని పిండే కదా, తప్పు లేదని ఫాదర్ చెప్పాడు."

"అప్పాల పొట్లం ఇంకా అయిదు వేలేనని సిస్టర్లకి ఎవరూ చెప్పలేదా?"

"ఫాదర్లు చెబుతారని నేను, నేను చెబుతానని ఫాదర్లు. ఒకాయన నా చేతిలో అయిదు వేలు పెట్టి, నా మొహం చూడకుండా, ఈ వారమైనా చెప్పావా అంటాడు. మీరు చెప్పలేదా అంటాను. ఇద్దరం కలిసి పెట్టెలు దింపుకుంటాం." స్టీరింగ్ మీద చెయ్యి వేసి అన్నాడు. "లోకంలో ఒక్క చోటైనా అయిదు వేలు అయిదు వేలుగా ఉండనీ అమ్మా. కొండ మీద అలా ఒక చోటు ఉందని తలుచుకుంటే నాకు బాగుంటుంది."

అక్కా, అయిదు వేలంటే ఇవాళ ఎనిమిది సెంట్లు. మీ పెట్టెలో మూడేళ్ళుగా పడ్డ డబ్బంతా కలిపినా ఏం వస్తుందో నేను లెక్క వేశాను. రాయను. భక్తి పెరిగిందో లేదో నాకు తెలియదు. ఆకలి పెరిగింది.

నాన్న పడుకుని నిద్రపోలేకపోతున్నాడు. కుర్చీలో కూర్చుని నిద్రపోతున్నాడు. అమ్మ గాజులు పెట్టెలోంచి తీసి, బూడిదతో తోమి, బట్టలో కట్టింది. ఈస్టర్ లోపల మార్ దూమిత్‌కి ఇచ్చేస్తానంటోంది. ఆస్పత్రి మాటెత్తితే, "ముందు ఆయనది" అంటుంది.

ఇది చెప్పి మంచి చేశానో చెడు చేశానో తెలియదు. చెప్పాను.

యుమ్నా

*

మార్ దూమిత్ మఠం
16 ఫిబ్రవరి 2023, గురువారం
గాలి

చెల్లీ,

పోయిన వారం రాయలేదు. రాయడానికి ఏమీ దొరకలేదు.

నీ ఉత్తరం చదివి పెట్టె తెరిచాను. నోట్లు శుభ్రంగా, కట్టలు కట్టి, నేను పెట్టినట్టే ఉన్నాయి. చాలా ఉన్నాయి. ఎంత విలువో నువ్వు రాయనన్నావు, నేను వేసుకున్నాను. మూడు సార్లు వేశాను. తర్వాత మూత పెట్టి, అప్పాల గదికి వెళ్ళి, ఆ రోజు పని చేశాను. పెనం వేడెక్కింది, పిండి పోశాను, ఆవిరి వచ్చింది. చేతులు వాటంతట అవే చేశాయి. మోసపోయానని అనిపించాలి. ఏమీ అనిపించలేదు. వాకిట్లో పట్టీ చూశాను. నా చేతిరాత అందంగానే ఉంది.

మదర్‌కి ఇంకా చెప్పలేదు. చెబితే అదే రోజు పట్టీ మారుతుంది. చెప్పాలి. చెబుతాను.

సోమవారం నుంచి తపస్సు కాలం. ఈస్టర్ వరకూ మాకు ఉత్తరాలు ఉండవు. ఇంట్లో జబ్బు గురించి అయితే రాయవచ్చు, చిన్నగా. నాన్న గురించి రాయి.

సిస్టర్ ఆనియెస్

*

జూనియె
22 మార్చి 2023, బుధవారం
డాలర్ నిన్న మధ్యాహ్నం 1,40,000, సాయంత్రం 1,10,000

అక్కా,

చిన్నగా రాస్తాను.

నాన్నకి ఆపరేషన్ 28న, మంగళవారం. డబ్బు సోమవారం కట్టాలి. లేకపోతే ఆ మంచం ఇంకొకరికి ఇస్తారు. తర్వాత ఎప్పుడో చెప్పలేమన్నారు. డాక్టర్ నన్ను పక్కకి పిలిచి, తర్వాత అనే మాట పెట్టుకోవద్దన్నాడు.

అమ్మ ఆదివారం గాజులు తీసుకుని మీ మఠానికి వస్తానంటోంది. నిన్న నాన్న ఆమెతో మామూలుగా మాట్లాడాడు, హాస్యం లేకుండా.

"వదాద్, నన్ను బతికించమని మొక్కుకున్నావు. ఇప్పుడు ఆ మొక్కుతోనే చంపుతావా?"

"ఆయనకి ఇచ్చిన మాట తప్పి నిన్ను కత్తి కిందికి పంపమంటావా? బల్ల మీద నీ గుండె ఎవరి చేతిలో ఉంటుందో తెలుసా?"

"డాక్టర్ చేతిలో. డాలర్లు చూశాక."

అమ్మ లేచి బాల్కనీలోకి వెళ్ళిపోయింది. కింద వీధిలో ఎవరో రేటు అరుస్తున్నారు. కోటి లీరాలు నిన్న మధ్యాహ్నం డెబ్బై డాలర్లు, సాయంత్రానికి తొంభై. మూడు గంటల్లో సాధువుకి ఇరవై డాలర్లు పెరిగాయి. ఎవరూ ఏమీ చేయలేదు.

అమ్మని నేను ఆపలేను. ఆపే మాట నా దగ్గర లేదు. నీ దగ్గర ఉంటే పంపు.

యుమ్నా

*

మార్ దూమిత్ మఠం
23 మార్చి 2023, గురువారం

చెల్లీ,

అబూ తానియోస్ ఇంజన్ ఆపకుండా నిలబడ్డాడు. వినుకో.

గాజులు తేవద్దని అమ్మతో చెప్పకు. తెమ్మను. కోటి లీరాల నోట్లు కూడా తెమ్మను. కొత్తవి. ఆదివారం మధ్యాహ్నం. నువ్వు లోపలికి రాకు, కారులో ఉండు. పట్టీ గురించి ఆమెతో ఒక్క మాటా అనకు.

పట్టీ ఇంకా మార్చలేదు.

ఆ.

*

మార్ దూమిత్ మఠం
27 మార్చి 2023, సోమవారం
ఎండ

చెల్లీ,

నువ్వు కారులోంచి చూడలేనిది రాస్తున్నాను. మదర్ అనుమతి ఉంది.

అమ్మ వచ్చినప్పుడు మా గడియారం నాలుగు, ఆమెది మూడు. మొన్న రాత్రి గుళ్ళలో వేసవి టైమని గడియారాలు గంట ముందుకు తిప్పారు, ప్రభుత్వం తిప్పలేదు. ఈ దేశంలో ఇప్పుడు టైముకీ రెండు ధరలు.

వాకిట్లో మాకూ బయటివాళ్ళకీ మధ్య చెక్క అలమర ఉంటుంది, గోడలో గుండ్రంగా తిరిగేది. అటువాళ్ళు పెట్టింది తిప్పితే ఇటు వస్తుంది, మొహాలు కనిపించవు. తపస్సు కాలంలో ఇంటివాళ్ళతో మాట్లాడకూడదు. వాకిలి దగ్గరుండే సిస్టర్‌గా ఎవరితోనైనా మాట్లాడవచ్చు. అమ్మకి నా గొంతు తెలుసు. అయినా 'సిస్టర్' అనే పిలిచింది.

"సిస్టర్, మొక్కు తీర్చడానికి వచ్చాను."

"ఎంత మొక్కుకున్నారమ్మా?"

"కోటి లీరాలు. 2019లో. నోట్లు తెచ్చాను, గాజులూ తెచ్చాను. ఏది పెట్టమంటారు?"

"మొక్కుకున్నదే పెట్టండి."

"మీకు బయటి సంగతి తెలియదు సిస్టర్. అప్పటి కోటి వేరు, ఇప్పటి కోటి వేరు. చవగ్గా వదిలించుకున్నానని ఆయన అనుకోకూడదు."

"మీ కుడిచేతి పక్క గోడ మీద పట్టీ ఉంది. చదవండి."

ఆమె కళ్ళజోడు పెట్టె తెరిచిన చప్పుడు వినిపించింది. బడిపిల్లలా పైకి చదివింది. "పూజ అప్పాలు, అయిదు వందలు, అయిదు వేల లీరాలు." వేలితో గోడ మీద తట్టింది. "ఇది పాతది. తీసేయడం మరిచిపోయి ఉంటారు."

"పాతది కాదు. ఇవాళ్టిదే. అయిదు వేలు పెట్టి చూడండి."

అమ్మ సంగతి నీకు తెలుసు కదా, బజారులో మాట నమ్మదు. అలమరలో అయిదు వేల నోటు ఒకటి పెట్టింది. నేను తిప్పి, నోటు తీసుకుని, పొట్లం పెట్టి మళ్ళీ తిప్పాను. కాగితం విప్పిన చప్పుడయింది. నిజంగా అయిదు వందలున్నాయో లేదో పైవరుస లెక్కపెట్టి ఉంటుంది.

"అయితే కోటికి?" అంది.

"రెండు వేల పొట్లాలు. పది లక్షల అప్పాలు."

"నేను మొక్కుకున్న సంవత్సరంలో?"

"అప్పుడూ పది లక్షలే."

"ఒక్కటి కూడా తగ్గలేదా?"

"తగ్గలేదమ్మా."

ఆమె సంచి తెరిచిన చప్పుడయింది. తర్వాత అలమర బరువుగా తిరిగింది. వంద కొత్త నోట్లు, కట్ట మీద నీలం రిబ్బన్. గాజులు లేవు. 'కోటి లీరాలు, పూర్తిగా ముట్టినవి' అని రాసి, తేదీ వేసి, ముద్ర వేసి ఇచ్చాను. నా చేతిరాత చూసి ఉంటుంది. "ఆరోగ్యం జాగ్రత్త సిస్టర్" అంది. "మీరు కూడా" అన్నాను. అంతే.

నేను అబద్ధం చెప్పలేదు. కానీ నెలన్నర పట్టీని అలా ఉంచింది నేనే. మొదట చేతులు రాక ఉంచాను. నీ పోయిన ఉత్తరం వచ్చాక కావాలనే ఉంచాను. నిన్న సాయంత్రం ప్రార్థన అయ్యాక మదర్‌కి అంతా చెప్పాను. ఆమె నా మొహం చూడలేదు, జపమాల చూస్తూ కూర్చుంది.

"మూడేళ్ళా?" అంది.

"మూడేళ్ళు మదర్."

"ఆ ముక్కలు ఎవరు తిన్నారు?"

"పిల్లలు."

"మరి నీ మొక్కులావిడ?"

"మా అమ్మ, మదర్."

"అది నాకు తెలుసులే. ఆవిడ నిద్రపోయిందా అని అడుగుతున్నాను."

తెలియదన్నాను. రేపు పట్టీ మార్చమంది. ముక్కల వరుస కొట్టేసి వాటిని ఊరికే ఇమ్మంది. నాకు వాకిలి దగ్గర తప్ప నలభై రోజులు మౌనం వేసింది. భోజనాల దగ్గర ఎలాగూ మాట్లాడం, కాబట్టి తేడా తెలియదు.

ఈ ఉదయం కొత్త పట్టీ అతికించాను. పాతది చింపలేదు, వెనక్కి తిప్పి మడిచి పెట్టుకున్నాను.

సిస్టర్ ఆనియెస్

*

జూనియె
12 ఏప్రిల్ 2023, బుధవారం
చిన్న వాన

నైలా అక్కా,

అమ్మ ఆ సాయంత్రం కారులో పొట్లం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. దాన్ని జూనియె వచ్చేదాకా వదల్లేదు. దిగేటప్పుడు, "వాళ్ళకి తెలియకపోవడం మన అదృష్టం, పాపం" అంది. నేను ఏమీ అనలేదు. నువ్వూ అనవద్దు.

సోమవారం ఇద్దరం వెళ్ళి గాజులు అమ్మాం. కంసాలి అమ్మ చేతికి సబ్బు రాసి తీశాడు. మళ్ళీ ఎప్పుడు తొడుక్కుందో నేను చూడలేదు. మంగళవారం ఆపరేషన్ అయింది. అయిదున్నర గంటలు. ఆస్పత్రి గోడ గడియారం ఒక టైము, నా ఫోన్ ఒక టైము, అందుకని ఆరున్నర అనుకుని భయపడ్డాం.

మర్నాడు నాన్నకి గొట్టం తీశారు. పెదవులు కదిపాడు. అమ్మ వంగి చెవి పెట్టింది.

"ఏమంటున్నాడు?" అన్నాను.

"ఇవాళ ఎంత అంటున్నాడు."

అమ్మ నన్ను చూసింది. నేను ఆ రోజు చూడలేదు. ముందురోజూ చూడలేదు. ఏదో ఒక అంకె చెప్పేశాను. "పడింది" అని నాన్న కళ్ళు మూసుకున్నాడు.

ఈస్టర్ ముందురోజు ఇంటికి తెచ్చాం. పడుకునే నిద్రపోతున్నాడు. జ్వరం వచ్చి పోతోంది. డాక్టర్ ఈ నెల గడవాలన్నాడు.

అప్పాల పొట్లం అమ్మ అలమరలో పెట్టింది. ఎవరినీ ముట్టుకోనివ్వడం లేదు.

యుమ్నా

*

మార్ దూమిత్ మఠం
20 ఏప్రిల్ 2023, గురువారం
డాలర్ 97,000

చెల్లీ,

పైన చూసి ఉంటావు. ఇప్పుడు అది నాకూ కావాలి. పొట్లం ధర మూడు డాలర్లని మదర్ నిర్ణయించింది. లీరాల్లో ఎంతో ప్రతి గురువారం నేను పలక మీద రాయాలి.

ఆర్డర్లు తగ్గాయి. మూడో వంతు అయ్యాయి. ఫాదర్లు అప్పాన్ని సగానికి విరిచి ఇస్తున్నారట. ముక్కలు ఊరికే ఇస్తున్నాం కదా, పిల్లలకి లోటుండదు అనుకున్నాను. అప్పాలు తగ్గితే ముక్కలూ తగ్గుతాయి. అది నాకు ముందుగా తట్టలేదు. ఇవాళ పదకొండు సంచులు. అబూ తానియోస్ వాటిని ఎక్కించుకుని, మిగిలిన చోటు చూసి, తలుపు వేసుకున్నాడు. కిటికీలోంచి చూశాను.

అమ్మ కోటితో పెనానికి కొత్త తీగ వేయించాం. పాతది కాలిపోయింది. తీగకి, పనివాడి కూలికి సరిగ్గా సరిపోయింది.

అబూ తానియోస్ రాగానే అలమర ఇవతల నుంచి మొదట ఒక మాట అడుగుతాను. ఎనిమిదేళ్ళుగా అది, మన ఇంట్లో అందరూ ఎలా ఉన్నారు అని. ఇవాళ, "ఎంత?" అని అడిగాను. చెప్పాడు. పలక మీద రాశాను. సున్నాలు సరిచూసుకున్నాను. అతని పికప్ మలుపు తిరిగి చప్పుడు వినిపించకుండా పోయాక గుర్తొచ్చింది, నాన్న జ్వరం గురించి అడగలేదని.

నువ్వే రాయి.

నైలా